ముందు అంచు నుంచి ముప్ఫై రెండు

పద్నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. విన్నవాళ్లు ఇదీ ఒక బరువేనా అంటారేమో. నేను ఎవరినీ చంపలేదు. దోచుకోలేదు. ఎవరి కాపురమూ చెడగొట్టలేదు. నా చేతిలోని డైరీలో ఒకటి రాసి ఉంటే, పదిమంది ముందు ఇంకొకటి చదివాను. మారింది ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఒక పనివాడికి తన చెవి మీద ఉన్న నమ్మకం పోగొట్టాను.

మెల్లగా చెబుతాను. తొందరపడితే మళ్లీ నాకు అనుకూలంగా చెప్పుకుంటానేమోనని భయం. ఇన్నేళ్లూ నాలో నేను చెప్పుకున్నప్పుడల్లా అదే జరిగింది.

నేను ప్రభుత్వ ఇంజినీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పుట్టింది తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాను. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఒక్క రోజు కూడా ఆపలేదు. ఒళ్లు తెలియని జ్వరం వచ్చిన రోజు కూడా “జ్వరం, నూట రెండు” అని రాసి పడుకున్నాను. మా కాలనీలో నాకంటే నా డైరీకి ఎక్కువ గౌరవం. ట్రాన్స్‌ఫార్మర్ పేలింది మంగళవారమా బుధవారమా, ఫలానా వాళ్ల బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, ఇలాంటి తగువులన్నీ నా వరండాలోకి వచ్చేవి. నేను పేజీ తిప్పి చదివేవాణ్ణి. తగువు అక్కడితో ఆగేది. నేను చదివిందీ అందులో రాసి ఉన్నదీ ఒకటేనా అని నా భుజం మీదుగా తొంగిచూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ అవసరం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, ఆ రోజు వరకు.

యాదగిరి నాకు పరిచయమైంది స్కూటరు వల్ల. ఎల్బీనగర్‌లో, సాగర్ రోడ్డు మొదట్లో, అతనికి సైలెన్సర్ల షాపు ఉండేది. షాపు అంటే ఒక రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ మిషను, కారు కిందికి దిగి పనిచేయడానికి సిమెంటు గుంత. నకిరేకల్ దగ్గర ఏదో ఊరి నుంచి పాతికేళ్ల వయసులో వచ్చి ఆ పని నేర్చుకున్నాడు. నేను వెళ్లేసరికి నలభై దాటి ఉంటాయి. రోడ్డు అవతల స్కూటరు ఇంకా ఆపనైనా లేదు, సైలెన్సర్‌కి అడుగున వంపు దగ్గర చిల్లు పడిందని ఇవతలి నుంచే చెప్పాడు. వంగి చూస్తే నిజంగా అక్కడే ఉంది. ఆ రోజు డైరీలో ఆ సంగతి అరపేజీ రాశాను.

తరువాత రోజూ పదింటికి వెళ్లి పన్నెండు దాకా ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చోవడం అలవాటైంది. రిటైరైన మనిషికి ఇంట్లో తోచదు. పైగా అతను పనిచేసే తీరు చూడడం నాకు ఇష్టం. బండి స్టార్టు చేసి, వెనక పొగగొట్టం ముందు అరచేయి నిటారుగా పెట్టి, కళ్లు మూసుకునేవాడు. ఏం చేస్తున్నావయ్యా అంటే, దెబ్బలు లెక్కపెడుతున్నానని చెప్పేవాడు. ఇంజనులో ఒక్కో సిలిండరు పేలినప్పుడు ఒక్కో దెబ్బ పొగతో పాటు వచ్చి చేతికి తగులుతుంది. ఏది బలంగా ఉంది, ఏది నీరసంగా ఉంది, ఏది ఆలస్యంగా వచ్చింది, అన్నీ అతనికి అరచేతిలో తెలిసేవి. నాకు పది సార్లు ప్రయత్నించినా వేడి తప్ప ఏమీ తెలియలేదు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉంది. సమ్మె. బస్సులు లేవు, ఆఫీసులు లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజుకొక కార్యక్రమం. మా వీధిలో నా వంటి కోస్తావాళ్లు పెరుగు ప్యాకెట్టుకు వెళ్లినా త్వరగా ఇంటికి చేరుకునేవారు. నేను మాత్రం షెడ్డుకు వెళ్లడం మానలేదు. అక్కడ నన్నెవరూ పరాయివాడిగా చూడలేదు. పక్కన రేడియేటర్లు బాగుచేసే సత్తయ్య అప్పుడప్పుడు, రాష్ట్రం వచ్చినంక డైరీ సారుకు వీసా కావాలె అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ రోజుల్లోనే కొత్తపేటలో క్లినిక్ ఉన్న ఒక పళ్ల డాక్టరు గారు తన కారు తెచ్చారు. ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. విదేశాల్లో తయారైంది, ఈయన చేతికి వచ్చేసరికి ఒకరిద్దరు వాడినది. ఎనిమిది సిలిండర్లు. కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. ఒక్కో వైపు నుంచి ఒక్కో గొట్టం కారు పొడవునా కింద నుంచి వెనక్కి వెళ్తుంది. మధ్యలో ఆ రెండు గొట్టాలనూ కలిపే అడ్డం పైపు ఒకటి ఉండాలి. పాత యజమాని ఎవరో దాన్ని కోయించి, రెండు గొట్టాలనూ వేరువేరుగా వదిలేశాడు. అప్పటినుంచి ఆ కారు మోత వినలేని విధంగా తయారైంది. ముక్కలు ముక్కలుగా, గరుగ్గా, ఎవరో రేకుల మీద రాళ్లు విసురుతున్నట్టు.

యాదగిరి రెండు చేతులూ రెండు గొట్టాల ముందు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తరువాత నావైపు తిరిగి అన్న మాట నేను అక్షరం పోకుండా రాసుకున్నాను.

“రెండు డప్పులు రెండు గల్లీలల్ల కొడ్తున్నట్టున్నది సార్. ఒకని దెబ్బ ఇంకొకనికి ఇనవడ్తలేదు. గందుకే తాళం కుదుర్తలేదు.”

ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. తరువాత పుస్తకాలు చదివాను కాబట్టి చెబుతున్నాను. ఆ రకం ఇంజనులో ఎనిమిది సిలిండర్లూ ఒకటి విడిచి ఒకటిగా కుడి ఎడమలకు పేలవు. ఒకవైపు రెండు దెబ్బలు వెంటవెంటనే వస్తాయి, తరువాత ఖాళీ. ఆ ఖాళీలో రెండోవైపు దెబ్బ వినిపిస్తే మోత నిండుగా ఉంటుంది. అడ్డం పైపు చేసే పని అదే. రెండు గొట్టాల మధ్య నిచ్చెన మెట్టులా ఒక చిన్న పైపు వేస్తే, ఎవరి పొగ వారి దారిన పోతూనే, ఇవతలి దెబ్బ కొంత అవతలికి, అవతలిది కొంత ఇవతలికి అందుతుంది. శబ్దం లోతుగా, బరువుగా వస్తుంది. రెండు గొట్టాలనూ కత్తెర వేసినట్టు కలిపి మళ్లీ విడదీస్తే పొగ మొత్తం కలిసిపోతుంది. అప్పుడు శబ్దం నున్నగా, సన్నగా, పైస్థాయిలో కూస్తుంది. డాక్టరు గారికి ఆ కూత వద్దు. గంభీరంగా ఉండాలన్నారు. కాబట్టి నిచ్చెన మెట్టు పద్ధతే అనుకున్నాం.

అయితే ఎక్కడ వేయాలి? పని మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. నాలుగు వేళ్లు అటూ ఇటూ అయినా శబ్దం మారిపోతుంది.

లెక్క నేను వేస్తానన్నాను. ఎవరూ అడగలేదు. ఇంజను వేగం, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలం, గాలిలో శబ్దం ప్రయాణించే వేగం, అన్నీ తీసుకుని రెండు రోజులు కూర్చుని కాగితం మీద తేల్చాను. ఇంజను వైపు అంచు నుంచి ముప్ఫై రెండు అంగుళాలు. ఆ అంచు నుంచి వెనక సైలెన్సర్ వరకు గొట్టం మొత్తం పొడవు డెబ్బై ఎనిమిది.

యాదగిరి దారి వేరు. చవక రకం ఎర్ర పెయింటు గొట్టం పొడవునా పూసి, ఇంజను గట్టిగా తిప్పాడు. ముందువైపు రంగు నల్లగా మాడింది. వెనక్కి వచ్చేకొద్దీ మాడడం తగ్గి, ఒకచోట ఆగింది. దెబ్బ వేడిగా ఉన్నంతవరకు రంగు మాడుతుంది, ఆగినచోటే అడ్డం పైపు పెట్టాలి అన్నాడు. ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదట. చాలా గొట్టాలు చూశాడట, తెలిసిందట. నేను టేపు పెట్టి కొలిచాను. నలభై ఆరు.

ముప్ఫై రెండెక్కడ, నలభై ఆరెక్కడ?

మాటామాట వచ్చింది. పెద్ద గొడవేమీ కాదు. నా గీత దగ్గర రంగు ఇంకా మాడుతూనే ఉంది, వెనక్కి జరుపుదామని అతను. రంగును నమ్ముకుని గొట్టం కోస్తామా, లెక్క ఉండగా అని నేను. రెండు మూడు సార్లు అటూ ఇటూ అన్నాక అతను తగ్గాడు. మీరు చదువుకున్నోళ్లు, మీరెట్లంటే గట్లనే అన్నాడు. షెడ్డులో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. ఆ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను.

ముప్ఫై రెండు దగ్గర వెల్డింగ్ చేశాడు. బస్సులు లేని రింగురోడ్డు మీద ముగ్గురం వెళ్లాం, డాక్టరు గారు, నేను, వెనక ఇరుకు సీటులో యాదగిరి. మామూలు రోజుల్లో ఆ రోడ్డు మీద సొంత హారనే వినపడదు. ఆ రోజు టైర్ల చప్పుడు కూడా వినిపించింది. కారు మెల్లగా పోయినంతసేపు పరవాలేదు. కొంచెం వేగం అందుకోగానే లోపల ఒక హోరు మొదలైంది. పెద్ద కాగులో తల పెట్టి ఎవరో మూలుగుతున్నట్టు, చెవుల్లో కాదు, పళ్లల్లో తెలిసే హోరు. తిరిగొచ్చేసరికి డాక్టరు గారు కణతలు నొక్కుకుంటున్నారు. రెండు రోజులు చూసి చెబుతానని వెళ్లిపోయారు.

యాదగిరి దిగి వెల్డింగ్ మిషను వైపు వెళ్లాడు. చెప్పానా అనలేదు. ఆ మాట అనడానికి అతనికి హక్కు ఉంది, అనలేదు.

ఇంటికి వచ్చి లెక్క కాగితం ముందేసుకున్నాను. పావుగంటలో తప్పు దొరికింది. శబ్దం వేగం నేను పుస్తకంలోంచి తీసుకున్నాను. అది మామూలు గాలిలో, గదిలో ఉండే చల్లటి గాలిలో వేగం. గొట్టంలో ఉండేది నిప్పులాంటి పొగ. వేడిలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది, కాబట్టి కొలత ఇంకా పొడవు రావాలి. సవరించి వేస్తే నలభై ఆరుకు దగ్గరగా వచ్చింది. నలభై ఏళ్లు గీతలు గీసిన మనిషిని, వేడి గొట్టాన్ని బల్ల మీద పెట్టిన చల్లటి గొట్టంలా లెక్కకట్టాను. యాదగిరి పూసిన రంగు కొలిచింది ఆ వేడినే.

ఆ రోజు పేజీలో ఇలా ఉంది: “అడ్డం పైపు: ముందు అంచు నుంచి 32. లెక్క నాది. యాదగిరి రంగు గుర్తు 46. నేను ఒప్పుకోలేదు. సాయంత్రం: తప్పు నాది. పొగ వేడి లెక్కలో వేయలేదు. రేపు చెప్పాలి.”

రేపు చెప్పాలి అని రాశాను. చూడండి, మంచివాడినే. కాగితం మీద.

మరుసటి రోజు యాదగిరి ఏదో పెళ్లికని ఊరికి వెళ్లాడు. ఆ పై రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, పెద్ద గిన్నెల్లో వండి, అక్కడే విస్తళ్లు వేసి తింటున్నారు. నేను సంచిలో డైరీ పెట్టుకుని వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను, ఇది నిజం. దారిలో ఎవరో ఆవిడ, ముఖం కూడా ఎరగను, ఆగండ్రి సారూ తిని పోండ్రి అని చేతిలో పులిహోర విస్తరాకు పెట్టింది. తిన్నాను. షెడ్డు ముందు నీడ ఉండడంతో పది పన్నెండు మంది విస్తళ్లు పట్టుకుని అక్కడే కూర్చున్నారు. సత్తయ్య ఉన్నాడు. యాదగిరి ఊరి నుంచి వచ్చి గుంతలో ఏదో పని చేసుకుంటున్నాడు. వాళ్లందరి ముందు ఎలా, కాస్త పలచబడ్డాక చెబుదాం అనుకున్నాను.

అంతలో డాక్టరు గారు కారుతో వచ్చారు. దిగుతూనే కోపంగా ఉన్నారు. ఆ హోరుతో రెండు రోజులుగా తలనొప్పి అనీ, తెలియకపోతే తెలియదనాలి గానీ నా బండి మీద నేర్చుకోవడం ఏమిటనీ గట్టిగానే అన్నారు. తినేవాళ్లు ఆగి చూశారు. యాదగిరి గుంతలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“అసలు ఈ కొలత ఎవరిది?” అన్నారు డాక్టరు గారు.

యాదగిరి నా వైపు చూశాడు. సారుది అని అనలేదు. నేను చెబుతానని ఆగాడు. ఆ రెండు మూడు క్షణాలు అతను నాకు ఇచ్చినవే.

“సార్ డైరీలో ఉంటుందిగా. చదవండి సార్,” అన్నారు డాక్టరు గారే.

డైరీ తీశాను. పేజీ తెరిచాను. 32, 46, రెండూ కనిపించాయి. డెబ్బై ఎనిమిదిలోంచి ముప్ఫై రెండు తీస్తే నలభై ఆరు. ఎవరూ అడగకుండానే నా బుర్ర ఆ తీసివేత చేసింది. వెనక అంచు నుంచి కొలిస్తే నా ముప్ఫై రెండూ యాదగిరి రంగు గుర్తూ ఒకే చోటు. రెండు రోజులుగా నాకు కనిపించని ఆ సంగతి సరిగ్గా అప్పుడే ఎందుకు కనిపించింది?

“అడ్డం పైపు, వెనక అంచు నుంచి ముప్ఫై రెండు అంగుళాలు,” అని చదివాను.

నిజంగా అక్కడ రాసి ఉన్నట్టే తడుముకోకుండా వచ్చింది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

డాక్టరు గారు వంగి, కారు కింద అతుకు ముందువైపు ఉండడం చూసి, యాదగిరి వైపు తిరిగి, అంటే నువ్వు వెనక నుంచి కొలవమంటే ముందు నుంచి కొలిచావన్నమాట, అన్నారు. యాదగిరి ఆయన్ని దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

“సార్, ఎనక నుంచి ముప్ఫై రెండంటే నా రంగు ఆగిన జాగనే గద. మరి గా దినం మనకు మాటామాట ఎందుకొచ్చింది?”

ఇంకా ఒప్పుకోవచ్చు. అతను అంత మెల్లగా అడిగింది అందుకే. పరువు పోకుండా ఒప్పుకోవడానికి దారి వదిలాడు.

“నీకు సరిగ్గా గుర్తులేదు యాదగిరీ,” అన్నాను. “పని హడావుడిలో ఉన్నావు.”

అతను నా ముఖం చూడలేదు. చేతిలో మూసి ఉన్న డైరీ చూశాడు.

“అయ్యుండొచ్చు సార్,” అన్నాడు. “మీరైతే రాసుకున్నరు. నేను యాది మీద నడుస్తున్న.”

అంతే జరిగింది. మొత్తం అంతే.

వెల్డింగ్ కోసి, నలభై ఆరు దగ్గర మళ్లీ వేశాడు. కారు స్టార్టు చేయగానే అందరికీ తెలిసిపోయింది. ఆ గరుకుతనం లేదు, హోరు లేదు. లోతుగా, ఒకే ఊపిరిగా, మేఘం దూరంగా ఉరిమినట్టు. వేగం పెరిగేకొద్దీ ఆ ఉరుము బిగిసి పైకి లేచేది. ఎక్కడా తెగేది కాదు. సత్తయ్య పని ఆపి బయటికొచ్చి విన్నాడు. డాక్టరు గారు నా చేయి పట్టుకుని ఊపారు. ఆదివారాలు కార్లు వేసుకుని కలిసే వాళ్ల మిత్రులకు నా గురించి చెప్పారు. ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చారు, లెక్కల సారు ఈయనేనా అని. వెల్డింగ్ చేసేవాణ్ణి మాత్రం దగ్గరుండి చూసుకోవాలట, కొలత తారుమారు చేస్తాడట. ఈ మాట నా వరండాలో, నా ముందు అన్నారు. నేను కాఫీ తాగమన్నాను.

సత్తయ్యకు అనుమానం వచ్చింది. ఒక రోజు నేను షెడ్డు వెనక స్కూటరు నిలుపుతుంటే, నేనున్నట్టు తెలియక, లోపల యాదగిరితో అంటున్నాడు: “ఆంధ్ర సారు నిన్ను ముంచిండు రా బై. పని నీది, పేరు ఆయనది. ఇంకెన్నేండ్లు గిట్ల?”

యాదగిరి ఎదురు తిరిగాడు. “నోటికొచ్చినట్టు మాట్లాడకు సత్తన్నా. గాయన ఇడ్లీ ఎన్ని తిన్నడో గది గూడ రాసుకునే మనిషి. గసొంటాయన అబద్ధమాడ్తడా? నేనే మర్చిపోయిన.”

స్కూటరు స్టాండు వేయకుండా అలాగే తోసుకుంటూ వెనక్కి వచ్చేశాను. ఆ రోజు డైరీలో “షెడ్డుకు వెళ్లలేదు” అని రాశాను. చూశారా, అప్పటికి అబద్ధం రాయడం కూడా మొదలుపెట్టాను.

తరువాత అతను మారాడు. ఒక్కసారిగా కాదు. మొదట ఎర్ర పెయింటు డబ్బా కనిపించకుండా పోయింది. అడిగితే, ఎండిపోయింది సార్ అన్నాడు. కొత్తది తేలేదు. ఏ బండి వచ్చినా, సార్, కొలత రాసియ్యుండ్రి అని నా ముందు కాగితం పెట్టేవాడు. రాసిచ్చింది రెండుసార్లు చదివి, మూడోసారి నాతో చదివించుకునేవాడు. ముందు నుంచా ఎనక నుంచా అని అడిగేవాడు. ఎత్తిపొడుపు లేదు, నిజంగా అడిగేవాడు. నేను కాగితం మీదే చూస్తూ చెప్పేవాణ్ణి. పొగగొట్టం ముందు అరచేయి పెట్టడం తగ్గింది. పెట్టినా వెంటనే తీసేసేవాడు. ఒకసారి ఎవరో అంబాసిడర్ తెస్తే, విని, ఏదో చెప్పబోయి, ఆగి, జర మీరు చూడుండ్రి సార్ అన్నాడు. నేనేం చూస్తాను? నా చేతికి వేడి తప్ప ఏం తెలుస్తుంది?

చూడలేక వెళ్లడం మానేశాను. మోకాళ్ల నొప్పులని చెప్పాను. తరువాత మెట్రో పనులూ రోడ్డు పనులూ వచ్చి ఆ వరస షెడ్లన్నీ పోయాయి. యాదగిరి మీర్‌పేట్ వైపు వెళ్లాడని విన్నాను.

ఎందుకు చేశాను? చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. అవి ఉద్యమం రోజులు, చుట్టూ అంతమంది, కోస్తా వాణ్ణి, తప్పు నాదంటే ఏమవుతుందోనని భయపడ్డాను అని. నమ్మదగినట్టే ఉంటుంది. మా వాళ్లతో చెబితే తలలూపుతారు కూడా. కానీ అది అబద్ధం. అరగంట ముందు ఎవరో ఆవిడ పెట్టిన పులిహోర వాసన అప్పటికి నా చేతికి ఇంకా పోలేదు. అక్కడ ఎవరూ నన్ను ఏమీ చేసేవారు కాదు. మహా అయితే సత్తయ్య రెండు రోజులు ఆటపట్టించేవాడు. వాళ్ల పోరాటాన్ని నా పిరికితనానికి ముసుగుగా వాడుకున్నాను. అది రెండో తప్పు.

అసలు కారణం చిన్నది, నీచమైనది. నా గీత తప్పని ఎవరూ అనకుండా నలభై ఏళ్లు గడిపాను. పదో తరగతి గట్టెక్కని మనిషి, ఒక పెయింటు డబ్బాతో, నన్ను దిద్దాడు. తట్టుకోలేకపోయాను. అతని స్థానంలో మావైపు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు ఉండి ఉంటే? అప్పుడు డైరీ ఉన్నది ఉన్నట్టు చదివేవాణ్ణా? ఈ ప్రశ్న నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. చదివేవాణ్ణని అనుకుంటున్నాను. అందుకే ఈ బరువు తగ్గడం లేదు.

మొన్న వేసవిలో కొత్తపేట రైతుబజారులో యాదగిరి కనిపించాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, సంచి అందుకుని, కుశలం అడిగాడు. మాట్లాడుతుండగా ఒక కూరగాయల ట్రాలీ ఆటో తెగ చప్పుడు చేస్తూ పోయింది. పాత అలవాటు కొద్దీ, దానికేమైందయ్యా అని అడిగాను. ఒకప్పుడు రోడ్డు అవతల నుంచి చిల్లు ఎక్కడుందో చెప్పిన మనిషి. నవ్వి, నాకేం తెలుస్తది సార్, ఇప్పుడన్నిటికీ మిషన్లున్నయి, పెట్టి చూడాలె అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఆ ఏటి డైరీ తీసుకుని మీర్‌పేట్ వెళ్లాను. ఎవరిదో షాపులో టూవీలర్ సైలెన్సర్లకు అతుకులు వేస్తున్నాడు. పేజీ తెరిచి అతని చేతికే ఇచ్చాను. చదవమన్నాను. ఈసారి నేను చదవలేదు. అతను కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదివాడు. చివరి వరకు వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాడు. తప్పు నాది అన్నచోట వేలు ఆగలేదు. నలభై ఆరు దగ్గర ఆగింది.

“అంటే రంగు కరెక్టే,” అన్నాడు.

కరెక్టే అన్నాను. నీకు గుర్తున్నదీ కరెక్టే, నేను పదిమందిలో అబద్ధం చదివాను అన్నాను. అనుకున్నంత కష్టం కాలేదు. పద్నాలుగేళ్లు పట్టిన మాట, చెప్పడానికి అర నిమిషం పట్టలేదు.

అతను డైరీ మూసి నాకు ఇచ్చాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తరువాత అన్నాడు: “గా దినం మీరు ఒప్పుకుంటే, డాక్టర్ సారు మిమ్మల్ని ఒక మాట అనెటోడు. గంతే గద సార్.”

గంతే. క్షమించమని అడగాలని వెళ్లాను. అడగలేదు. ఆ మాట విన్నాక అడిగే ముఖం లేదు.

కాసేపటికి, ఇది రాసి అచ్చు వేయిస్తాను, అప్పుడు నలుగురిలో చదివింది కాబట్టి నలుగురికీ తెలియాలి, నీ పేరు మార్చమంటావా అని అడిగాను. అతను వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకోబోతూ ఆగాడు.

“మీ పేరు రాస్తరో లేదో మీ ఇష్టం సార్. నా పేరు మాత్రం రాయుండ్రి. జాగ వట్టింది యాదగిరి అని రాయుండ్రి.”

ఎప్పుడు వెళ్లినా చాయ్ తాగనిదే కదలనిచ్చేవాడు కాదు. ఆ రోజు చాయ్ మాట ఎత్తలేదు. పనిలోకి తిరిగిపోయాడు. నేను బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

ఇక రాస్తున్నాను. నా పేరు ఇక్కడ లేదు. అంత ధైర్యం ఈ వయసులో కూడా రాలేదు, దాన్నీ ఒప్పుకుంటున్నాను. ఆ ఆకుపచ్చ కారు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు. దాని ఉరుము విని మెచ్చుకున్నవాళ్లు, లెక్కల సారు అని మా ఇంటికి వచ్చినవాళ్లు, మీలో ఎవరైనా ఉంటే వినండి. ఆ అడ్డం పైపుకు సరైన చోటు పట్టింది యాదగిరి. ఎర్ర పెయింటుతో, అరచేత్తో, ఎవరూ నేర్పకుండా పట్టాడు. దాన్ని కాదని తప్పు చోట వేయించింది నేను. తప్పు అతనిదని చదివింది నేను.

రాశాక తేలికగా ఉంది. ఇంత తేలికవుతుందని తెలిసి కూడా ఇన్నేళ్లు అతన్ని మోయనిచ్చినందుకు సిగ్గుగానూ ఉంది.